పది గుంటల పందిరిలో టమాటా: ఒక లెక్క, కొన్ని అభ్యంతరాలు

శివాలయంలో లింగానికి పైన వ్రేలాడే ధారాపాత్రను చూడనివారు మనలో అరుదు. పాత్ర అడుగున సన్నని రంధ్రం ఉంటుంది. అందులోనుండి చుక్క తరువాత చుక్క జారుతూ ఉంటుంది. ఒక్కసారి కుమ్మరిస్తే క్షణంలో పారిపోయే బిందెడు నీళ్ళు ఈ ఏర్పాటు వల్ల పూటంతా నిలుస్తాయి. బిందుసేద్యానికి మూలమైన ఊహ ఇంతకంటె వేరు కాదు. మొక్కకు కావలసిన నీటిని దాని వేరు దగ్గరనే, నేల పీల్చుకోగలిగినంత మెల్లగా అందించటమే దాని రహస్యం.

ఈ ఊహను ఇప్పుడు పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలలో తరచుగా ఒక నమూనాగా చూపుతున్నారు. ఖాళీ సెలైన్ సీసా, దాని గొట్టం, కుండీలో ఒక టమాటా మొక్క, దాని పైన ప్లాస్టిక్ కాగితంతో కట్టిన చిన్న ఇల్లు, ప్రక్కన ఒక డబ్బాలో పేడ, గోమూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం ఉంటాయి. వెనుక అట్ట మీద మూడు వాగ్దానాలు కనిపిస్తాయి: నీరు తక్కువ, రసాయనపు ఎరువు అక్కరలేదు, ఏడాది పొడవునా పంట. నమూనా ముచ్చటగా ఉంటుంది, బహుమతి కూడా వస్తుంది. చిక్కేమిటంటే, ఇవే వాగ్దానాలు కరపత్రాలలోను, ఉపన్యాసాలలోను రైతు దగ్గరకు కూడా వెళ్తున్నవి. బాలుడి కుండీ ఎండిపోతే మరొక మొక్క పెట్టవచ్చును. అప్పుచేసి పది గుంటల పందిరి వేసిన రైతుకు ఆ వీలు లేదు. కనుక ఈ నమూనాను ఒక పుస్తకాన్ని విమర్శించినట్లుగానే, వాక్యం వాక్యంగా పరిశీలించటం అవసరం.

నమూనాకు ఊరు ఉండదు, పంటకు ఉంటుంది. అందువల్ల దీనిని మంచిర్యాల జిల్లాలోని బెల్లంపల్లిలో నిలబెట్టి చూద్దాం. బొగ్గు గనుల వల్ల పేరు పొందిన ఊరు ఇది. ఏప్రిల్, మే నెలలలో ఇక్కడి ఎండ 44, 45 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరటం వింత కాదు. శీతకాలపు రాత్రులు మాత్రం చల్లగా ఉంటాయి. చుట్టుప్రక్కల చెల్క నేలలు ఉన్నవి, రేగడి నేలలు ఉన్నవి. దగ్గరలోనే దేవాపూర్‌లో సిమెంటు కర్మాగారం ఉన్నదంటే ఈ ప్రాంతపు భూగర్భంలో సున్నపురాయి ఉన్నదని వేరే చెప్పనక్కరలేదు. ఈ విషయం ముందు ముందు మనకు పనికివస్తుంది.

మొదట ఇల్లు సంగతి. హరితగృహం చలిదేశాల వారి అవసరంలోనుండి పుట్టినది. మంచు కురిసే కాలంలో మొక్కను వెచ్చగా ఉంచటానికి వారు గాజుటిల్లు కట్టుకున్నారు. అది ఎందుకు వేడెక్కుతుందో చెప్పేటప్పుడు మనం తరగతిలో, గాజు సూర్యకాంతిని లోనికి రానిస్తుంది, వేడికిరణాలను బయటకు పోనివ్వదు అని ఊరుకుంటాము. అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు ఆర్. డబ్ల్యు. వుడ్ 1909లోనే దీనికి ఒక పరీక్ష పెట్టాడు. రెండు నల్లని పెట్టెలు తీసుకొని, ఒకదానికి గాజు పలకను, రెండవదానికి సైంధవ లవణపు పలకను మూతలుగా అమర్చాడు. సైంధవ లవణం వేడికిరణాలను అడ్డగించదు. అయినప్పటికీ రెండు పెట్టెలూ దాదాపు ఒకే వేడికి చేరాయి. ఇల్లు వేడెక్కటానికి ప్రధాన కారణం లోపలి వేడిగాలి పైకి లేచి పోలేకపోవటమే. మన పందిళ్ళకు కప్పే పలుచని పాలిథీన్ కాగితంలోనుండి వేడికిరణాలు చాలావరకు దాటిపోతాయి. అయినా ఆ పందిరి ఉడికిపోతూనే ఉంటుంది. ఇది కేవలం పాండిత్యం కాదు. కారణం గాలి అయినప్పుడు విరుగుడు కూడా గాలిలోనే ఉంటుంది: ప్రక్కలు, కప్పు తెరచి గాలి ఆడనివ్వాలి.

బెల్లంపల్లి వేసవిలో ఎంత తెరచినా లోపలి గాలి బయటి గాలికంటె చల్లబడదు. పగటివేడి 35 డిగ్రీలు దాటి, రాత్రివేడి 25 డిగ్రీలకు దిగకపోతే టమాటాలో పుప్పొడి చెడిపోతుంది, పూత రాలుతుంది. మొక్క మాత్రం పచ్చగానే ఉంటుంది, కాయ ఉండదు. పంకాలు పెట్టి, తడి తెరలగుండా గాలిని లాగి చల్లబరచే పద్ధతి ఉన్నది. నీరు ఆవిరి అయితేనే గదా చల్లదనం! బిందువులుగా ఆదా చేసిన నీటిని ఆ తెరల మీద ఖర్చు చేయవలసి వస్తుంది. కరెంటు ఖర్చు దీనికి అదనం. కాబట్టి ‘ఏడాది పొడవునా’ అన్న మాటను అట్ట మీద కొట్టివేయవలసినదే. ఈ ఊళ్ళో పందిరి చేసే మేలు వేరు. వానాకాలంలో ఆకులు తడిసి వచ్చే తెగుళ్ళు తగ్గుతాయి. ప్రక్కలకు సన్నని వల కడితే, ఆకుముడుత వైరస్‌ను మోసుకువచ్చే తెల్లదోమ లోపలకు రావటం తగ్గుతుంది. అవి తక్కువ మేలు కాదు. శీతకాలపు పంటను మాత్రం ఇక్కడ ఆరుబయటనే చక్కగా పండించవచ్చును.

మూసిన పందిరిలో మరొక లోటు ఉన్నది. టమాటా పువ్వు తన పుప్పొడితోనే ఫలిస్తుంది గాని, ఆ పుప్పొడి రాలటానికి పువ్వు అదరాలి. బయట గాలి ఆ పని చేస్తుంది. ఐరోపాలో 1980ల చివరినుండి దీనికై పెద్ద తేనెటీగజాతి కీటకాలను పెంచి గాజుటిళ్ళలో వదులుతున్నారు. మనం ఉదయం పూట మొక్కలు కట్టిన తాడును చేత్తో మెల్లగా తట్టితే చాలు.

ఇక నీటి విషయం. ఇజ్రాయెల్ ఇంజనీరు సిమ్‌కా బ్లాస్, కారుతున్న కుళాయి ప్రక్కన తక్కిన వాటికంటె ఏపుగా ఎదిగిన ఒక చెట్టును 1930లలో గమనించాడని చెబుతారు. చవక ప్లాస్టిక్ గొట్టాలు వచ్చేవరకు ఆ ఊహ పొలానికి చేరలేదు. 1965లో హట్జెరిమ్ అనే సమష్టి గ్రామంలో డ్రిప్పర్లను తయారుచేసే సంస్థ ఏర్పడినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నవంబరులో ప్రభుత్వం సూక్ష్మ సేద్య పథకాన్ని ప్రారంభించిన తరువాత మన జిల్లాలలో కూడ నల్లని గొట్టాలు విరివిగా కనిపించసాగాయి.

నమూనాలోని మొదటి వాగ్దానం, అంటే నీరు తక్కువ అన్నది, చాలవరకు నిజమే. లెక్క వేయటం సులభం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు ఎత్తు నీరు అంటే సరిగా ఒక లీటరు. పది గుంటలు అంటే సుమారు వెయ్యి చదరపు మీటర్లు. గాలి తాకిడి తక్కువ కాబట్టి పందిరిలో మొక్కలకు బయటికంటె తక్కువ నీరు చాలుతుంది. ఎదిగిన పంటకు రోజుకు నాలుగు మిల్లీమీటర్లు అనుకుంటే నాలుగువేల లీటర్లు కావాలి. మొక్కలు 2,500 ఉంటే ఒక్కొక్క దానికి 1.6 లీటర్లు. గంటకు రెండు లీటర్లు వదిలే డ్రిప్పర్‌తో ఇది 48 నిమిషాల పని. నేలను బట్టి ఆ 48 నిమిషాలను విడగొట్టాలి. చెల్కలో చుక్క నీరు గాజరగడ్డ ఆకారంలో నిలువుగా దిగిపోతుంది, రేగడిలో ఉల్లిగడ్డలాగా ప్రక్కలకు ఉబ్బుతుంది. అందుచేత చెల్కలో రెండు మూడు దఫాలుగా కొద్దికొద్దిగా ఇవ్వటం మేలు.

అయితే ఈ లెక్క అంతా ఒక ఊహ మీద నిలిచి ఉన్నది. 2,500 డ్రిప్పర్లూ ఒకే విధంగా నీరు వదులుతున్నవి అన్నదే ఆ ఊహ. ఒకే మొక్క, ఒకే సీసా ఉన్న నమూనాలో ఈ ప్రశ్న పుట్టదు. పొలంలో పుట్టే మొదటి ప్రశ్న ఇదే. డ్రిప్పర్ లోపలి దారి మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. నీటిని అందులోకి పంపేముందు వడకట్టే జల్లెడ కన్ను మిల్లీమీటరులో ఎనిమిదో వంతు ఉండాలంటారు. బావినీరు సున్నపురాయిలోనుండి ఊరి వచ్చినదయితే అందులో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. డ్రిప్పర్ మూతి దగ్గర నీరు ఆరినప్పుడు బొగ్గుపులుసు వాయువు లేచిపోయి, కరగని కాల్షియం కార్బొనేట్ తెల్లని గారగా మిగులుతుంది. నీళ్ళు కాచే పాత్ర అడుగున మనం రోజూ చూసే గార అదే. ఒక డ్రిప్పర్‌ను నిమ్మరసంలో వేస్తే బుడగలు వస్తాయి. బెల్లంపల్లి ప్రాంతపు బోరు నీటిని ఈ దృష్టితో ముందే పరీక్ష చేయించుకోవటం తెలివైన పని.

ఇటువంటి సన్నని దారిలోకి పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిసిన ద్రవాన్ని పంపుతామంటున్నారు! నా అసలు అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది. గుడ్డతో రెండుసార్లు వడకడితే సరిపోతుందని జవాబు వస్తుంది. పీచు, నలుసులు గుడ్డలో ఆగుతాయి, నిజమే. బాక్టీరియా ఆగవు. వాటి పరిమాణం మిల్లీమీటరులో వెయ్యో వంతు. అవి గొట్టం గోడకు అంటుకొని, బెల్లపు చక్కెర తింటూ, జిగురు పొరను నిర్మిస్తాయి. తరువాత వచ్చే ప్రతి నలుసూ ఆ జిగురుకు పట్టుకుంటుంది. వాటిని తొలగించటానికి సాధారణంగా చెప్పే మందు క్లోరిన్. క్లోరిన్ జిగురును వదిలిస్తుంది, జిగురు కట్టిన ప్రాణులను చంపుతుంది. మరి ఆ ద్రవాన్ని పంపినదే బ్రతికి ఉన్న సూక్ష్మజీవులను నేలకు చేర్చాలని గదా! ఒక చేత్తో పోసి రెండవ చేత్తో చంపే ఈ వైరుధ్యాన్ని గురించి అట్ట మీద ఒక్క మాట కూడ ఉండదు. (ప్రసంగవశాన ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక: సున్నపు గారకు వాడే ఆమ్లాన్ని, జిగురుకు వాడే క్లోరిన్ మందును ఎన్నడూ కలపరాదు. విషవాయువు పుడుతుంది.)

డ్రిప్పర్ మూసుకుపోతే నష్టం నీటితో ఆగదు. టమాటా కాయకు సున్నపు ధాతువు, అనగా కాల్షియం, కేవలం నీటి ప్రవాహంతోనే చేరుతుంది. ఒకసారి ఆకులో చేరినది తిరిగి కాయలోకి రాదు. నీరు ఒకరోజు అంది మరొకరోజు అందని మొక్కలో, నేలలో ఎంత సున్నం ఉన్నా, కాయ అడుగుభాగం నల్లగా గుంటపడి కుళ్ళుతుంది. చూసినవారు దానిని తెగులు అనుకొని మందు కొడతారు. మందుకు అది లొంగదు, ఎందుకంటే అక్కడ క్రిమి లేదు, మూసుకుపోయిన గొట్టం ఉన్నది.

ఇప్పుడు రెండవ వాగ్దానానికి వద్దాం: ఈ ద్రవం రసాయనపు ఎరువు అవసరాన్ని తీరుస్తుందట. సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చిన జీవామృతపు పాళ్ళు అందరికీ తెలిసినవే. రెండువందల లీటర్ల నీటికి పది కిలోల పేడ, అయిదునుండి పది లీటర్ల ఆవుమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గుప్పెడు మట్టి. ఇది ఎకరానికి ఒక దఫా. ఇందులో నత్రజని ఎంత? పదో తరగతి విద్యార్థి చేయగల లెక్క ఇది. పచ్చిపేడలో నత్రజని నూటికి 0.4 మించదు కాబట్టి పది కిలోలలో 40 గ్రాములు. మూత్రంలో నూటికి ఒకటి అని ఉదారంగా తీసుకుంటే పది లీటర్లకు 100 గ్రాములు. పప్పుపిండిలో మాంసకృత్తులు నూటికి 22, అంటే రెండు కిలోలలో 440 గ్రాములు. మాంసకృత్తులను 6.25తో భాగిస్తే నత్రజని వస్తుంది, అది 70 గ్రాములు. బెల్లంలో ఉన్నది లెక్కకు రాదు. మొత్తం 210 గ్రాములు.

మొక్క కోరేది ఎంత? ఒక టన్ను టమాటాలు పండించటానికి పంట మొత్తం మీద సుమారు రెండున్నర కిలోల నత్రజనిని తీసుకుంటుంది. పందిరి ఖర్చు గిట్టాలంటే పది గుంటలలో పది టన్నులయినా పండాలి. అంటే 25 కిలోలు. ఎకరానికి చెప్పిన ద్రవాన్ని పూర్తిగా ఈ పది గుంటలకే, అంటే నాలుగు రెట్లు, పదిహేను రోజులకు ఒకసారి చొప్పున ఆరునెలలు పోశామనుకుందాం. పన్నెండు దఫాలకు చేరేది రెండున్నర కిలోలు. కావలసిన దానిలో పదో వంతు! చెప్పిన మోతాదులోనే పోస్తే నలభయ్యో వంతు. పొటాష్ లెక్క ఇంతకంటె నిరాశాజనకం. టమాటా నత్రజని కంటె పొటాష్‌నే ఎక్కువగా కోరుతుంది.

జీవామృతాన్ని సమర్థించేవారు ఈ లెక్కను కాదనరు. అది ఎరువు కాదు, నేలలోని జీవకోటిని మేల్కొలిపే తోడు మాత్రమే అంటారు. పాలలో చెంచాడు మజ్జిగ వేసినట్లు. పోలిక బాగున్నది గాని, తోడు వేయటానికి కుండలో పాలు ఉండాలి. నేల కుండలో ఎంత ఉన్నదో చూద్దాం. పది గుంటల మీద పై పదిహేను సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 210 టన్నులు. మన నేలలలో తరచుగా కనిపించే విధంగా సేంద్రియ కర్బనం నూటికి 0.5 ఉంటే, దానితో ముడిపడి ఉన్న నత్రజని సుమారు వంద కిలోలు. ఏడాదిలో అందులో రెండు మూడు కిలోలు మాత్రమే మొక్కకు అందే రూపానికి మారుతుంది. సూక్ష్మజీవులను ఉత్సాహపరచి ఆ మార్పును కొంత త్వరపరచవచ్చును. కాని అది నిల్వలోనుండి తీయటమే గాని, నిల్వకు చేర్చటం కాదు.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే గదా అన్న మాట కూడ వినవస్తుంది. ఆ నత్రజనిని బంధించే బుడిపెలు కందికి, పెసరకు వేళ్ళమీద ఉంటాయి, టమాటాకు ఉండవు. నేలలో స్వేచ్ఛగా బ్రతికే అజటోబాక్టర్ వంటి బాక్టీరియా కొంత బంధిస్తాయి. అనుకూల పరిస్థితులలో ఏడాదికి హెక్టారుకు ఇరవై కిలోలని మంచి అంచనా వేసుకున్నా, పది గుంటల వాటా రెండు కిలోలు. అన్నీ కూడినా ఏడు కిలోలు దాటటం కష్టం.

అయితే సేంద్రియ పద్ధతి అసాధ్యమా? కాదు. ఈ లెక్క నిరూపించినది అది కాదు. సేంద్రియం అనే మాటకు తప్పేమీ లేదు, ద్రవం అనే మాట దగ్గర మనం మోసపోతున్నాము. బాగా చివికిన పశువుల ఎరువులో నత్రజని నూటికి 0.5 ఉంటుంది. అయిదు టన్నులలో, అనగా రెండు ట్రాక్టరు ట్రాలీల ఎరువులో, 25 కిలోలు. మొదటి పంటకు అందులో కొంతే అందుతుంది, మిగిలినది నేలలో నిలుస్తుంది. వేపపిండిలో నూటికి దాదాపు అయిదు, వేరుశనగ పిండిలో ఏడు ఉంటుంది. మూడువందల కిలోల వేపపిండి పదిహేను కిలోల నత్రజనిని తెస్తుంది. ఇవి గొట్టంలోనుండి రావలసినవి కావు, నాటకముందే మడిలో కలపవలసినవి. ఈ పనిలో బండలెత్తే చాకిరీ ఉన్నది. సీసాలోని ద్రవంలో ఉన్న సొగసు దీనికి లేదు కాబట్టి ప్రదర్శనశాలలో దీనికి చోటు దొరకలేదు.

మడిలో తిండి ఉన్నప్పుడు బిందుసేద్యం దానికి నిజమైన తోడు అవుతుంది. పేడలోని మాంసకృత్తులు అమోనియాగా, అమోనియా నత్రితాలుగా మారాలంటే నేల తడిగా ఉండాలి, గాలి కూడ ఆడాలి. కాలువ నీటితో ముంచినప్పుడు గాలి పోతుంది, ఎండగట్టినప్పుడు తడి పోతుంది. చుక్కనీరు రెంటినీ నిలుపుతుంది. ద్రవ ఎరువు పోయదలచుకున్నవారు కాయ ఎదిగే దశలో దానిని వేరు దగ్గర ముంతతో పోసినా సరిపోతుంది. పచ్చిగా తినే కాయ కాబట్టి పేడద్రవాన్ని కాయలమీద చిలకరించరాదు. గొట్టంలోనే పంపక తప్పదంటే ఒక రాత్రి కదపకుండా తేర్చి, పైతేటను వడపోసి పంపి, ఆఖరు ఇరవై నిమిషాలు మంచినీరు పారించాలి. వారానికి ఒకసారి గొట్టాల చివరి బిరడాలు తీసి కడగాలి. బిరడా తీసినప్పుడు వచ్చే మొదటి దోసెడు నీటి రంగు చూస్తే పందిరి ఆరోగ్యం తెలిసిపోతుంది.

ఏప్రిల్‌లో పంట తీసివేసిన తరువాత పందిరిని ఖాళీగా వదలక, మడులను తడిపి, పారదర్శకమైన పాలిథీన్ పరచి, ఆరేడు వారాలు ఎండకు వదలవచ్చును. పందిళ్ళలో ఏళ్ళతరబడి టమాటానే వేసినచోట వేళ్ళమీద గడ్డలు కట్టించే నులిపురుగులు పెరుగుతాయి. పైమట్టిలో ఉన్నవాటిని ఈ వేడి చాలవరకు చంపుతుంది. పూతను రాల్చిన ఆ 45 డిగ్రీల ఎండే ఇక్కడ జీతం లేని కూలి. బెల్లంపల్లిలో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది కనుక మట్టిని గురించి, నీటిని గురించి అడగటానికి రైతుగాని, ఉపాధ్యాయుడుగాని దూరం పోనక్కరలేదు.

నమూనాను ఏమి చేయాలి? పారవేయనక్కరలేదు, సీసా ప్రక్కన కొన్ని గ్లాసులు చేర్చాలి. దగ్గరలో డ్రిప్పు వేసిన తోటకు విద్యార్థులు పదహారు గ్లాసులు, ఒక కొలపాత్ర, ఒక గడియారం తీసుకువెళ్ళాలి. మొదటి గొట్టం, చివరి గొట్టం, మధ్యవి రెండు ఎంచుకొని, ఒక్కొక్క దానిలో నాలుగుచోట్ల గ్లాసు పెట్టి, పది నిమిషాలు నీరు పట్టాలి. గంటకు రెండు లీటర్ల డ్రిప్పర్ పది నిమిషాలలో 333 మిల్లీలీటర్లు ఇవ్వాలి. పదహారింటి సగటును, అన్నిటికంటె తక్కువ వచ్చిన నాలుగింటి సగటును వేరువేరుగా కట్టి, రెండవదానిని మొదటిదానితో భాగించాలి. ఉదాహరణకు మొత్తం సగటు 320, తక్కువవాటి సగటు 240 అయితే నూటికి 75. తొంభై దాటితే తోట బాగున్నట్లు, ఎనభైకి దిగువన ఉంటే గొట్టాలు కడగవలసినట్లు. ద్రవ ఎరువు పంపకముందు ఒకసారి, నెలరోజులు పంపిన తరువాత ఒకసారి ఈ పరీక్ష చేసి, రెండు అంకెలను పాత అట్ట మీద ‘నీరు తక్కువ’ అన్న మాట క్రింద వ్రాయాలి. ‘రసాయనపు ఎరువు అక్కరలేదు’ అన్న మాట క్రింద 210 గ్రాములు, 25 కిలోలు అని మరి రెండు అంకెలు వ్రాయాలి.